కుడి కాలు గురించి కౌన్సిలర్ గారికి

చెరువుపాళెం, వరికుంటపాడు దగ్గర,
ఉదయగిరి తాలూకా.
12-3-1952

పట్నం కౌన్సిలర్ గారి సముఖానికి, బోర్డు స్కూలు అయివారు నారాయణయ్య నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా, నేను మీ ఓటరును కాను. అయినా రాయక తప్పడం లేదు. మా పాళెంలో గోపాలయ్య అని ఒకడున్నాడు. చెరువులో నీళ్ళుంటే చేపలు పడతాడు, లేకుంటే కూలికి పోతాడు. రెండేళ్ళుగా వానలు లేవు. చెరువులో మేకలు మేస్తున్నాయి. అందుకని పట్నం వచ్చి, మీ డివిజన్లోనే మురుగుకాలువలు తవ్వుకుంటూ, అంగళ్ళ అరుగుల మీద పడుకుంటూ బతికాడు. పోయిన నెల మీరు గెలిచి ఊరేగిన రోజు, తెల్లవారుతుండగా పోలీసులు వచ్చి అరుగుల మీదవాళ్ళను లేపారు. "లేస్తా ఉండా సామీ" అన్నాడట. ఆ మాట పూర్తి కాకముందే లాఠీ పడింది. కుడి కాలు వాచి, ఎముక విరిగి, ఎవరి లారీలోనో ఉదయగిరి చేరాడు.

గోపాలయ్య ఇంటివాళ్ళు నష్టపరిహారం అడగడం లేదు. అతని భార్య రోశమ్మ అడిగేది ఇదే: "ఎవురు కొట్టినారు, ఎందుకు కొట్టినారు, ఒక ముక్క రాసి పంపమను అయివారా. దొంగతనం చేయందే పోలీసోళ్ళు కొడతారా అని ఊరంతా అంటా ఉండాది." చెరువు కాపలా ఉద్యోగం ఖాళీగా ఉంది. కుంటివాడైనా చేసుకోవచ్చు. నేరమేమీ లేదని పట్నం నుంచి కాయితం తెస్తేనే ఇస్తానన్నాడు మా మునసబు.

ఇట్లు విధేయుడు,
నారాయణయ్య

తా.క.: నీళ్ళు లేని చెరువుకు కాపలా ఏమిటని అడగకండి. మేమూ అడగలేదు.

*

కౌన్సిలర్ గారి కార్యాలయం,
పట్నం.
20-5-1952

శ్రీ నారాయణయ్య గారికి,

తమరి ఉత్తరం చదివి కౌన్సిలర్ గారు ఎంతో చలించిపోయారు. తమ గ్రామంలో కుడి కాలువ తెగిపోవడం, అందులోనూ పోలీసులు దగ్గరుండి తెగగొట్టడం, సహించరాని విషయం. కరువు రోజుల్లో రైతుకు కాలువే ప్రాణం. అయితే పట్నం కౌన్సిలర్ గారికి ఉదయగిరి తాలూకా కాలువల మీద అధికారం లేదు. తమరి ఉత్తరాన్ని కాలువల ఇంజనీరు గారికి పంపాము.

ప్రజాసేవలో,
రాజమోహన్,
కార్యదర్శి

తా.క.: ఎడమ కాలువ క్షేమమని తలుస్తాను.

*

చెరువుపాళెం,
2-6-1952

కార్యదర్శి రాజమోహన్ గారికి నారాయణయ్య నమస్కారాలు.

అయ్యా, నేను రాసింది "కాలు వాచి" అని. మీరు "కాలువ" దగ్గరే ఆగిపోయినట్టున్నారు. నా దస్తూరీలో తప్పుంటే మన్నించండి. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు దస్తూరీ నేర్పింది నేనే, సిగ్గుగా ఉంది.

మీ జవాబు రోశమ్మకు చదివి వినిపించాను. "మా కాలవలో నీళ్ళే లేవు గదా, తెగేదానికేముండాది? మనిషి కాలని చెప్పు అయివారా, గట్టిగా చెప్పు" అంది. గట్టిగా చెబుతున్నాను. మనిషి కాలు. ఎముక వంకరగా అతుక్కుంది. కర్ర లేనిదే నాలుగడుగులు వేయలేడు. పగలు బయటికి రావడం మానేశాడు. పిల్లలు "దొంగ గోపాలయ్య" అని అరుస్తారు. ఆ పిల్లలకు చదువు చెప్పేది కూడా నేనే.

దయచేసి పోలీసు వారిని అడిగి ఆ ఒక్క ముక్క రాయించండి.

ఇట్లు,
నారాయణయ్య

తా.క.: మళ్ళీ పొరపాటు జరగకుండా కింద కాలు బొమ్మ గీశాను. ఇంటూ గుర్తు పెట్టినచోట విరిగింది. ఇది కాలువ మ్యాపు కాదు.

*

కౌన్సిలర్ గారి కార్యాలయం,
పట్నం.
9-12-1952

శ్రీ నారాయణయ్య గారికి,

బొమ్మ అందింది. ఇంజనీరు గారు దాన్ని చూసి, మలుపు దగ్గర తూము పెట్టమని సలహా రాశారు. దాన్ని పక్కనపెట్టి, ఈసారి నేనే స్వయంగా పోలీసు వారిని అడిగాను.

వారి జవాబు: ఆ రోజు ఎవరినీ కొట్టలేదు. అరుగుల మీద ఉన్న నలభై ఒక్కమంది కౌన్సిలర్ గారి మీద గౌరవంతో తమంతట తామే లేచి వెళ్ళిపోయారు. అయితే ఆ రోజు ఒక లాఠీ విరిగినట్టు మాత్రం రికార్డులో ఉంది. అది ప్రభుత్వ ఆస్తి. ఎవరి కాలు తగిలి విరిగిందో తేలక ఆ ఫైలు ఇంతవరకు మూయలేదు. ఇప్పుడు తమరి ఉత్తరం వల్ల ఆచూకీ దొరికిందని చాలా సంతోషించారు. విచారణకు ఒక ఇనస్పెక్టరును త్వరలో తమ గ్రామానికి పంపుతున్నారు.

నారాయణయ్య గారూ, నేను మంచి చేయాలనే అడిగాను.

రాజమోహన్,
కార్యదర్శి

తా.క.: కౌన్సిలర్ గారు ఈ విషయం మీద సభలో నలభై నిమిషాలు మాట్లాడారు. పోలీసుల దౌర్జన్యాన్ని దుమ్మెత్తిపోశారు. గోపాలయ్య పేరు దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టేశారు.

*

చెరువుపాళెం,
18-2-1953

రాజమోహన్ గారికి,

ఇనస్పెక్టరు గారు మొన్న వచ్చారు. వెంట ఇద్దరు జవాన్లు. గోపాలయ్య పంచలో వల బాగుచేసుకుంటున్నాడు. ఎర్రటోపీలు కనిపించగానే లేచాడు. కర్ర అక్కడే పడిపోయింది. పరిగెత్తాడు. నేను కళ్ళారా చూశాను. ఆ వంకర కాలుతో చెరువుకట్ట ఎక్కి, అవతలికి దూకి, ఎండిన గుంటలో పడ్డాడు. జవాన్లు వెంటబడలేదు. ఇనస్పెక్టరు గారు నవ్వి, పుస్తకం తీసి రాసుకున్నారు: "ఫిర్యాదీ చక్కగా పరిగెత్తగలడు. కాలు విరిగినట్టు చెప్పడం అబద్ధం."

రోశమ్మ అడ్డం పోయి, "కాలుతో పరిగెత్తలేదు సామీ, బయంతో పరిగెత్తినాడు. అది రాసుకో" అంది. భయానికి పుస్తకంలో గడి లేదన్నారాయన.

పాత విరుపు మళ్ళీ విరిగింది. మంచంలో ఉన్నాడు. "దొంగ కాకపోతే ఎందుకు పరిగెత్తినాడు?" అని ఇప్పుడు ఊరంతా అడుగుతోంది. కాపలా ఉద్యోగం మునసబు ఇంకొకడికి ఇచ్చేశాడు. నిన్న రోశమ్మ మా ఇంటి ముందుగా పోతూ తలవంచుకుని పోయింది, అంతే. ఏమన్నా అని ఉంటే బాగుండేది. ఆ మొదటి ఉత్తరం నేను రాయకుండా ఉంటే వాడికి ఒక్క విరుపే ఉండేది.

ఇక మీరేమీ అడగవద్దు. మీకు దండం పెడతాను.

నారాయణయ్య

తా.క.: పోతూ పోతూ ఇనస్పెక్టరు గారు నా దస్తూరీ ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు.

*

పట్నం,
22-10-1953

నారాయణయ్య గారికి రాజమోహన్ నమస్కరించి రాస్తున్నాను.

పైన కార్యాలయం పేరు లేదేమని చూస్తున్నారా? ఇప్పుడు నాకు కార్యాలయం లేదు.

మీరు అడగవద్దన్న తర్వాత ఎవరినీ అడగలేదు. నేనే వెతికాను. మా పాత కట్టల్లో, ఊరేగింపు ముందురోజు పోలీసు వారికి పంపిన చీటీ నకలు దొరికింది: "పూలకారు మలుపు తిరగడానికి వీలుగా, అరుగుల మీద ఉన్నవారిని ఏ విధంగానైనా తెల్లవారేలోపు ఖాళీ చేయించవలసినది." కింద కౌన్సిలర్ గారి సంతకం. పైన దస్తూరీ నాది. "ఏ విధంగానైనా" అన్న మాట ఆయన చెప్పలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే చేర్చాను. మీకు జవాబులు రాస్తున్నప్పుడు కూడా, అది రాసిన సంగతే నాకు గుర్తు లేదు. ఇది అబద్ధమని మీరనుకున్నా నేను కాదనలేను.

చీటీ తీసుకుపోయి కౌన్సిలర్ గారి ముందు పెట్టాను. ఆ వారమే ఆయనను పోలీసు దౌర్జన్యాల విచారణ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. మొదటి రోజే విచారించి మొదటి దోషిని పట్టుకున్నారు. దస్తూరీ నాది కాబట్టి తప్పు నాదేనని తేల్చి నన్ను తీసేశారు. పేపర్లో వేశారు, ఆయన ఫోటోతో.

మీకొక ధ్రువపత్రం పంపుదామనుకున్నాను. ఈ నెల ఒకటి నుంచి మీ తెలుగు జిల్లాలు వేరే రాష్ట్రమయ్యాయి. ఉద్యోగం పోయినవాడి సంతకం ఇక్కడే చెల్లదు, అక్కడేం చెల్లుతుంది? అందుకని నేనే వస్తున్నాను. వచ్చే గురువారం నెల్లూరు నుంచి బస్సులో ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి ఉదయగిరి మీదుగా మీ పాళెం వస్తాను. ఊరి వాళ్ళందరినీ, మీ మునసబునూ కూర్చోబెట్టండి. కొట్టినవాడి పేరు నాకు దొరకలేదు. ఎందుకు కొట్టారో, ఎవరు కొట్టమన్నారో నా నోటితో చెబుతాను. వాళ్ళు నమ్ముతారని నాకు నమ్మకం లేదు. రోశమ్మ గారు అడిగిన ముక్కకు జవాబు బాకీ ఉన్నాను.

ఇట్లు,
దస్తూరీ దోషి,
రాజమోహన్

తా.క.: గోపాలయ్యకు ముందే చెప్పి ఉంచండి. నేను ఒక్కడినే వస్తాను. తలమీద టోపీ ఉండదు. దయచేసి పరిగెత్తవద్దని చెప్పండి.