అన్నిటికీ ఒకే నేల

అమ్మలూ,

నీ ఉత్తరం చేరింది. బాగున్నానని రాశావు గానీ, అక్షరాలు చూస్తే నిద్ర చాలినట్టు లేదు. ఫోన్లో అడుగుదామంటే మీ కొండ మీద అది పలకదు. పలికినా నాకు మాట పెగలదు. ఆఁ, ఊఁ తప్ప మీరు ఏమన్నా అంటారేమోనని ఎదురుచూసి అమ్మలు ఫోను పెట్టేస్తుందని మీ అమ్మ దెప్పుతుంది. కాగితం ముందు కూర్చుంటే నాలాంటి అయిదో తరగతి వాడికి కూడా నాలుగు ముక్కలు వస్తాయి. కాగితం మధ్యలో అడ్డు రాదు, మొహం చూడదు.

మొన్న మా మైదానంలో బండ్ల పరీక్ష జరిగింది. అది నీకు చెప్పకపోతే నాకు తోచేట్టు లేదు. ఆ పత్రిక వాళ్ళు ఏటా ఒకసారి వస్తారు కదా. రోడ్డు లేనిచోట తిరిగే జీపుల్లాంటివి తెచ్చి, బురదలో, బండల మీద, ఇసుకలో నడిపి, మార్కులు వేసి, మొదటిది ఇది, రెండోది ఇది అని అచ్చు వేస్తారు. మార్కులు వేసే ఆవిణ్ణి మేమందరం మార్కులమ్మ అంటాం. ఆవిడ ఎదురుగా కాదనుకో. ఈసారి ఏడు బండ్లు వచ్చాయి.

నా పని నీకు తెలిసిందే. ఒక బండి బురద దాటి పోగానే దాని చక్రాలు చేసిన చాళ్ళు చెరపాలి. ఇనుప పళ్ళ దంతెతో నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగాలి. పన్నెండు బకెట్ల నీళ్ళు పొయ్యాలి. అంతా ముందున్నట్టు అయ్యాక చెయ్యెత్తాలి. నా చెయ్యి చూసి, అవతల జెండాలాయన జెండా దించుతాడు. అప్పుడు తరవాతి బండి బయల్దేరుతుంది.

అయిదో బండి బూడిద రంగుది. బురద దాటేసి బండల దగ్గరికి వెళ్ళింది. అక్కడ నా నడుమెత్తు రాయి ఒకటి ఉంది. దాని మీద ముందు చక్రం పెట్టింది. ఎక్కించారని రాయడం లేదు, పెట్టింది అంటున్నాను. మేక కాలు మోపి చూసుకుంటుందే, అలా. వెనక చక్రం నేల వదిలేసి గాల్లో నిలబడింది. మెల్లగా తిరుగుతోంది. దానికి అంటిన బురద ఒక్కొక్క ముద్దా కింద రాలుతోంది. అంత ఇనుము మూడు కాళ్ళ మీద నిలబడి ఆలోచించుకుంటోంది. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఎండ కళ్ళలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాను. అరవై ఎనిమిదేళ్ళుగా నేల తొక్కుతున్నాను అమ్మలూ. నేలని అంత మర్యాదగా తడిమి చూసుకున్నదాన్ని ఎప్పుడూ చూడలేదు. మనిషి బుర్రలోంచి ఇలాంటిది కూడా పుడుతుందా అనుకున్నాను.

తరవాత తెల్లది బురదలో బాతులా సాగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

వేళకి తిను. కొండ దిగేటప్పుడు కర్ర పట్టుకో.

మీ నాన్న

*

అమ్మలూ,

నీ రెండో ఉత్తరం మూడు రోజులుగా చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. "అంతగా ఏం రాసిందండీ, బట్టలు ఉతకడానికి కూడా ఇవ్వరు" అని మీ అమ్మ అడిగింది. బండి కొంటారట అన్నాను. "కొంటే మంచిదేగా, మీ మొహం అలా ఉందేం?" అంది. పెరట్లోకి పోయాను.

నువ్వు రాసింది మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడు. మీ ఆరోగ్య కేంద్రానికి బండి మంజూరైంది. కాన్పు కష్టమైన వాళ్ళని వాగు దాటించి, కింద ఆసుపత్రికి చేర్చడానికి. కమిటీ పెద్దలు పత్రిక తెచ్చి నీ ముందు పెట్టి, మొదటి స్థానం తెల్లదానిది, ఇంక ఆలోచనెందుకు, ఇరవయ్యో తేదీన సంతకం పెట్టు నర్సమ్మా అన్నారు. కిందటి వానల్లో మంచం మీద మోసుకొస్తుంటే వాగు మధ్యలోనే కాన్పయిన ఆ పిల్ల సంగతి రాశావు. అది చదివి కళ్ళజోడు తీసేశాను. చివర్న ఇలా అడిగావు: "ఆ పట్టిక నమ్మొచ్చా నాన్నా? మీరు నమ్మొచ్చంటే నేను నమ్ముతాను."

పత్రిక ఇక్కడికి కూడా వచ్చింది. కూడబలుక్కుని చదివాను. బొమ్మల కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ఏడు బండ్లనూ ఒకే నేల మీద, ఒకే తీరులో పరీక్షించాం అని. ఆ మాట ఆరుసార్లు చదివాను. ఆ మాట నాది అమ్మలూ. రాసింది వాళ్ళయినా దాన్ని నిజం చెయ్యాల్సింది నేను. నా దంతె, నా బకెట్లు.

నేను చెయ్యలేదు.

బూడిద రంగుది రాయి మీద నిలబడినప్పుడు, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నానని రాశాను కదా. జెండాలాయన దూరం నించి ఆ చెయ్యి చూశాడు. నేల సిద్ధమైందనుకుని జెండా దించాడు. నేను వెనక్కి తిరిగేసరికి తెల్లది బురదలో దిగి ఉంది. ముందు బండి కోసిన చాళ్ళు అలాగే ఉన్నాయి, అడుగున కంకర తేలి ఉంది. తెల్లది ఆ చాళ్ళలో పడి, కంకర మీద పట్టు దొరికి నడిచి పోయింది. దాని కింద ఒక్క బకెట్టు నీళ్ళు లేవు. ఒక్క దంతె గీత లేదు.

ఆగండి అని అరవచ్చు. నోరు రాలేదు. అంతమంది పెద్దవాళ్ళు, కెమెరాలు. తరవాతయినా చెబుదామని గుడారం దాకా వెళ్ళాను. అప్పటికే మార్కులమ్మ తెల్లదాని చుట్టూ తిరుగుతూ నవ్వుతోంది. ఆవిడ నవ్వడం అరుదు. తిరిగొచ్చేసి, ఏడోదానికి మాత్రం చాలా శ్రద్ధగా దంతె లాగాను. సిగ్గుతో పని బాగా చేశాను. ఏం లాభం.

ఒక కుర్రకుంక షోకుకి కొనుక్కునే బండయితే ఇంకా నోరు మూసుకునే ఉండేవాణ్ణేమో. అదీ నీకు చెబుతున్నాను, దాచను. కానీ దాని వెనక సీట్లో ఎవరు పడుకుంటారో నువ్వు రాశావు.

రేపు మార్కులమ్మ దగ్గరికి వెళతాను. వయసు దాటినా ఆవిడ మాట మీదే నన్ను పనిలో ఉంచారు. ఇక ఉంచరేమో. మీ అమ్మకి చెప్పాను. లేచి పెట్టెలోంచి చొక్కా తీసింది. తరవాత, "ఆ మాసిన చొక్కా విప్పండి. ఇస్త్రీది వేసుకుని వెళ్ళండి" అంది.

నువ్వు సంతకం పెట్టకు. మీ వాగు బొమ్మ గీసి పంపు. ఎంత వెడల్పు, ఏ రాయి ఎక్కడుంది, జానో మూరో కొలిచి రాయి. దిగేచోట ఏటవాలు ఎంతో కూడా చూడు. తొందరగా పంపు.

తప్పు చేసిన మీ నాన్న

*

అమ్మలూ,

ముందు మార్కులమ్మ సంగతి చెబుతాను. నీ బొమ్మ రాకముందే వెళ్ళాను. గది నిండా కాగితాలు, గోడకి బురద ఆరిపోయిన బూట్లు. గుమ్మంలో నిలబడ్డాను.

"కూర్చోండి పెద్దాయనా."

"నిలబడే చెబుతానమ్మా. కూర్చుంటే మళ్ళీ చెప్పలేను."

చెప్పాను. పెన్సిలు కింద పెట్టి విన్నది.

"ఎన్ని బకెట్లు తక్కువ?"

"పన్నెండూ తక్కువే."

"నెల దాటింది. ఇప్పుడా చెప్పేది?"

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. నేను తల దించుకున్నాను. తరవాత నీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. వాగులో కాన్పు దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. చదివినంతసేపూ మళ్ళీ నా వైపు చూడలేదు.

"తెల్లదాని మార్కులు తీసేస్తున్నామని వచ్చే సంచికలో వేస్తాను. ఏదో పొరపాటు దొర్లిందని రాస్తే సరిపోతుంది" అంది.

"ఏదో అని వద్దమ్మా. నాదని వెయ్యండి."

"పేరుతోనా?"

"పేరెందుకు. నేల చదును చేసే ముసలాయన అని వెయ్యండి. ఎవరికైనా తెలుస్తుంది, అక్కడ ఆ పని చేసేది నేనొక్కణ్ణే."

ఆవిడ అదే మాట రాసుకుంది. రాసుకుని అడిగింది, "సరే. మీ అమ్మాయి వాగు మా పరీక్షలో ఎక్కడుంది?"

లేదమ్మా అన్నాను. నాకూ అప్పుడే తట్టింది. బురద దాటిందా, బండ ఎక్కిందా అని చూస్తారు. లోపల పడుకున్న మనిషి ఎలా చేరిందని ఎవరూ చూడలేదు. దానికి మార్కులు వేసే వరసే పట్టికలో లేదు, అది నా దంతె సరిచేసేది కాదు.

నీ బొమ్మ సోమవారం వచ్చింది. ఎంత ముచ్చటగా గీశావు తల్లీ. తొమ్మిది మూరల వెడల్పు, ఎడం పక్క ఏనుగు వీపంత రాయి, మధ్యలో జానెడు జానెడు గులకరాళ్ళు, ఆవలి ఒడ్డున జారుడు మన్ను. నాలుగు రోజులు పట్టింది. మార్కులమ్మని అడిగి, మైదానం మూలన మీ వాగు కట్టాను. రాళ్ళు ఒక్కొక్కటీ మూరతో కొలిచి పెట్టాను. జారుడు మన్ను కోసం మూడు రకాల మట్టి కలిపాను. నీళ్ళు వదిలాక ఒడ్డున నిలబడి చూశాను. నువ్వు రోజూ దాటేచోట నిలబడ్డట్టే అయింది. ఇన్నేళ్ళు నేల చదును చేశాను, ఒక చోటిని తెచ్చి ఇంకో చోట పెట్టొచ్చని నాకు తెలియదు. చాలాసేపు కదల్లేకపోయాను.

బండ్లు నాలుగే మిగిలాయి, మూడు వెనక్కి పంపేశారు. వెనక సీట్లు తీసి పలక వేశారు. దాని మీద ఇసుక బస్తా కడదామన్నాడు డ్రైవరు. ఇసుక బస్తా ఏం చెబుతుంది అన్నాను. నేనే ఎక్కి పడుకున్నాను.

జెండాలాయన తొంగి చూశాడు. "ఎన్నో నెల పెద్దాయనా?"

"నిండాయి. మెల్లగా పోనివ్వమను."

మార్కులమ్మ ఈసారి పైకే నవ్వింది. నిండుగా నీళ్ళు పోసిన గ్లాసు తెచ్చి నా పొట్ట మీద పెట్టి, పట్టుకోకండి అంది.

తెల్లది జారుడు మన్నులో ఒకసారి ఆగి, వెనక్కి వచ్చి, రెండోసారికి ఎక్కింది. చెడ్డదేమీ కాదు. కానీ నా తల పలకకేసి కొట్టుకుంది, నీళ్ళు నా మొహం మీదున్నాయి. బూడిద రంగుదానికోసం ఆశగా పడుకున్నాను. బయటి నించి చూస్తే అంత అందంగా కాలు మోపిందా, లోపల ఉన్నవాణ్ణి తలుపు వైపు దొర్లించేసింది. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. మూడోది చెప్పనక్కర్లేదు, వాంతి వచ్చింది.

నాలుగోది మొద్దుముక్కుది. పట్టికలో ఆరో స్థానం. పరీక్ష రోజు దాన్ని నేను సరిగ్గా చూడను కూడా లేదు. చూడటానికి ఏమీ లేదు దానిలో. అది వాగులో దిగింది. కింద రాయి వచ్చినట్టు వీపుకి తెలిసింది. వచ్చింది, వీపు కింద నించి మెల్లగా జరిగింది, పోయింది. ఒక్కో రాయీ పేరు చెప్పుకుని పోతున్నట్టుంది. నువ్వు కొలిచిన రాళ్ళే. ఇది ఏనుగు వీపుది, ఇవి జానెడువి అని కళ్ళు మూసుకుని గుర్తుపట్టాను. అంత బరువైన బండి, అంత మొరటు ముక్కు, లోపల మాత్రం ఎవరో చేతుల మీద ఎత్తుకుని నడుస్తున్నట్టు. నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే పొట్ట కదులుతుందని ఆపుకున్నాను.

నా పని పోలేదు. వచ్చే ఏడాది నించి చెయ్యెత్తడం ఉండదట, మార్కులమ్మ నాకు ఈల ఇచ్చింది. ఇంట్లో ఊది చూపించమని మీ అమ్మ వేధిస్తోంది. సిగ్గేసి ఊదలేదు.

నమ్మొచ్చా అని అడిగావు. పట్టిక సంగతి నేను చెప్పలేను. అది ఆ రోజుది, ఆ నేలది. మీ వాగు సంగతి చెప్పగలను. మొద్దుముక్కుదాన్ని కొనమని రాయి. ఆవలి ఒడ్డుకి చేరాక డ్రైవరు తలుపు తీశాడు. గ్లాసులో నీళ్ళు గ్లాసులోనే ఉన్నాయి. అవి తాగి, లేచి దిగాను.

మీ వాగు దాటి వచ్చిన
నాన్న