చలికని వేసిన చిటికెడు మందు

ఐవిండ్ బావకు నీ బావమరిది రాయునది:

కొలత మీరి చిటికెడు ఎక్కువేసే ఆ చేత్తో మా ఇంటి కాఫీ కెటిల్‌ను నువ్వు ఇకపై తాకరాదని నార్వే ప్రజలందరికీ ఇందుమూలంగా చాటిస్తున్నాను.

"చలికి తుపాకీ మందు నీరసిస్తుంది, పుస్తకంలో చెప్పిన హద్దు దాటి ఇంకో చిటికెడు వేశాలే" అంటూ, ఇంట్లో నువ్వే మందు కూరి చేసిన తూటాలు అక్క చేతిలో పెట్టి చేపల పడవ ఎక్కావు. వేట గుడిసెలో అక్క వాటిని తడి తగలకుండా పొయ్యి పక్కన పెట్టింది. అసలే ఎక్కువైన మందు, వేడెక్కితే ఊరుకుంటుందా పెద్దమనిషీ? మొదటి తూటాకే తుపాకీ వెనక తెరిచే బోల్టు బిగిసిపోయింది. రెండోదానికి తుపాకీ పగిలి అక్క కుడి కన్ను పోయింది.

భయం వేసిందా? వేయాలి! బిగిసిన బోల్టును చెక్క సుత్తితో కొట్టి తెరిచాక అక్క, "ఒరేయ్, ఆయన తూటా ఇంకొకటి పేల్చను గాక పేల్చను" అంది. మిగిలిన తూటాలు నువ్వే వచ్చి విప్పి మందు తీసెయ్. రెండో తూటా అక్క అసలు పేల్చనే లేదు. కన్ను పోయిందన్నది నేను కల్పించింది.