వేపమిట్ట మిరప రేడియో జప్తు విషయం

వేపమిట్ట గ్రామం,
ప్రత్తిపాడు మీదుగా, గుంటూరు జిల్లా.
మార్చి, 2003.

అనుమతి లేని ప్రసారాల తనిఖీ కార్యాలయపు పెద్ద అధికారి గారి సముఖమునకు,
గుంటూరు.

అయ్యా,

విషయం: నా దుకాణం నుండి రేడియో డబ్బాతో పాటు, రేడియో కాని మైకుసెట్టును, రేడియోకు ఏ సంబంధమూ లేని నా భార్య చీరను కూడా జప్తు చేయుట – వాటిని తిరిగి ఇప్పించుట – లైసెన్సు అనునది ఎక్కడ దొరుకునో తెలియజేయుట – గురించి.

వేపమిట్ట నివాసి, మైకుసెట్టు అద్దెకిచ్చి జీవించు షేక్ మొహిద్దీన్ బాషా అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఊరి సెంటరులో నాది మైకుసెట్టు దుకాణం. పెళ్లికి, ఉరుసుకు, క్రిస్మస్‌కు, శ్రీరామనవమికి హారన్లు కట్టేది నేనే. ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీల వాగ్దానాలూ నా హారన్లలోంచే బయటికి వచ్చాయి. వాటిలో ఒక్కటీ నిజం కాలేదు. అయినా ప్రజాశాంతికి భంగం కలిగిందని ఏ కార్యాలయమూ నాకు నోటీసు ఇవ్వలేదు. ముందుగా ఈ సంగతి ఎందుకు విన్నవిస్తున్నానంటే, మాటను గాలిలోకి వదలడం నాకు కొత్త కాదని, నిజం మాట వదలడమే కొత్తని తమరు గ్రహించగలరని.

2. మా ఊరి చేలు సాగర్ కాలవ అవతలి దాకా పరుచుకొని ఉంటాయి. ఏ కబురైనా ఆటోకు హారను కట్టుకొని తిరుగుతూ చెప్పేవాణ్ణి. ఆటో ఒక డొంకదారిలో ఉంటే ఇంకో డొంకలో వాళ్లకు వినపడేది కాదు. అందుకని విజయవాడలో విడిభాగాలు కొని, చాలా వాటిని కాల్చుకొని, చివరికి మాటను ట్రాన్సిస్టర్లకు అందించే ఒక డబ్బా తయారు చేశాను. అది టిఫిన్ క్యారియరు కన్నా పెద్దది కాదు. దాని గొంతు మా పొలిమేర దాటేది కాదు. అందులో మాట్లాడేది నా భార్య నసీమున్నీసా. నేను మైకు పట్టుకుంటే "హలో, మైక్ టెస్టింగ్" తప్ప ఇంకో ముక్క నోట్లోంచి రాదు.

గుంటూరు యార్డులో మిరప ధర ఎంత పలికింది, కరెంటు ఎప్పుడు తీస్తారు, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, ఆస్పత్రికి డాక్టరు వచ్చాడా లేదా – పొద్దునా సాయంత్రమూ ఆమె చెప్పేది ఇవే. మా ఊరి కుర్రాడు మార్కు చీమకుర్తిలో రాళ్ల లారీ నడుపుతాడు. అక్కడి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి "వదినా, ఇక్కడ వాన దంచుతోంది, మబ్బు మీవైపే వస్తోంది" అంటే, ఆమె ఉన్నపళంగా ఆ మాట చెప్పేది. కల్లాల్లో ఎండబోసిన కాయల మీద జనం పట్టాలు కప్పుకునేవాళ్లు. కూలికి వచ్చిన ఆడవాళ్లు ట్రాన్సిస్టరు గట్టు మీద పెట్టుకొని వింటూ కాయలు కోసేవాళ్లు. మిరప రేడియో అని పేరు పెట్టింది వాళ్లే. ఇది దేశభద్రతకు ముప్పు అని మాకు తమ నోటీసు చదివాకే తెలిసింది.

3. ఇక గొడవ ఎక్కడ మొదలైందో విన్నవిస్తాను. మా ఊళ్లో ఉదయ్ కుమార్ అనే ఆసామి పురుగుమందుల కొట్టు నడుపుతున్నాడు. మొన్న డిసెంబరులో పచ్చపురుగు విజృంభిస్తే 'పురుగాంతక' అనే మందు తెప్పించి ఊరందరికీ అమ్మాడు. పిచ్చయ్య అనే పెద్దరైతు ఆ మందు కొట్టి, ఒక సాయంత్రం మా రేడియో గదికి వచ్చాడు. నా భార్య ఆయన ముందు మైకు పెట్టింది.

"బాబాయ్, మందు కొట్టావుగా, ఎట్టా ఉంది చేను?"

"చేను సంగతి నాకు తెలవదు గానీ తల్లీ, పురుగులు మాత్రం బెమ్మాండంగా ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకొచ్చి మందు సీసా మూతలో వేశా, చస్తదేమోనని. అది ఈత కొట్టి ఒడ్డెక్కింది."

"ఏ మందు బాబాయ్?"

"పురుగాంతక. మన ఉదయ్ కుమార్ కొట్లోదే."

చేలల్లో నవ్వు మా దుకాణం దాకా వినపడింది. మర్నాడు ఊరంతా ఖాళీ సీసాలు పట్టుకొని ఉదయ్ కుమార్ కొట్టు ముందు నిలబడ్డారు. ఆయన షట్టరు దించి సరాసరి నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది బాషా, నీ ఇంటి ఆడమనిషి చేత నా వ్యాపారం మూయిస్తావా?"

"ఆ మాట తప్పయితే తప్పని నువ్వూ చెప్పుకో. మైకు నీకూ ఇస్తా. ఇప్పుడే ఎక్కు గదిలోకి" అన్నాను.

ఆయన మైకు పట్టుకోలేదు, కలం పట్టుకున్నాడు. తమ కార్యాలయానికి ఫిర్యాదు వచ్చింది అలాగే. అప్పటికే ఆ మందు గురించి రైతులు సంబంధిత అధికారులకు అర్జీ పెట్టుకొని ఉన్నారు. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది. పురుగులు మాత్రం పరిశీలన కోసం ఆగలేదు.

4. ఫిబ్రవరిలో ఒక పొద్దున, నెత్తిన గిరగిరా తిరిగే కమ్మీ ఉన్న జీపులో తమ తనిఖీ అధికారి త్రినాథ్ గారు సిబ్బందితో మా పొలాల్లోకి వచ్చారు. కాలవ గట్టు తెగి డొంక అంతా నీళ్లు. నల్లరేగడి మట్టి. జీపు ఇరుసుదాకా దిగబడింది. చేలోంచి వచ్చిన ఒకామె ఈ సంగతి చెబితే నా భార్య వెంటనే రేడియోలో చెప్పింది: "ఎవరో గవర్నమెంటు వాళ్లంట, పాపం డొంకలో దిగబడిపోయారు. ట్రాక్టరు ఉన్నవాళ్లు కాస్త వెళ్లి లాగండి."

అంకారావు తన ట్రాక్టరు వేసుకొని వెళ్లాడు. అక్కడ జరిగింది అతను నాకు చెప్పిందే రాస్తున్నాను.

"రేడియోలో చెప్తే వచ్చానండి."

"ఏ రేడియో?" అన్నారట త్రినాథ్ గారు.

"మా ఊరి రేడియోనండి."

"మేం దానికోసమేనయ్యా వచ్చింది! పొద్దుట్నుంచీ ఈ మిషను పట్టుకొని తిరుగుతున్నాం."

"అయ్యో, ఎవర్నడిగినా చెప్పేవాళ్లు కదండీ. ఎక్కండి, నేను తీసుకుపోతా."

ఈ విధంగా ప్రభుత్వం వారు నా రేడియో సహాయంతో నా రేడియోను కనుగొన్నారు. నా భార్య అందరికీ టీ పెట్టి ఇచ్చింది. టీ తాగి, గ్లాసులు పక్కన పెట్టి, త్రినాథ్ గారు పంచనామా మొదలుపెట్టారు.

"ఇందులో ప్రసారం చేస్తున్నారా?"

"చేయకపోతే మీరింకా బురదలోనే ఉండేవాళ్లు కదండీ" అంది నా భార్య.

అంకారావును సాక్షి సంతకం చేయమన్నారు. "జీపు లాగానని రాయండి, సంతకం పెడతా. బాషాను పట్టించానని రాస్తే మాత్రం పెట్టను" అని అతను ట్రాక్టరు ఎక్కి వెళ్లిపోయాడు.

డబ్బాను తీసుకున్నారు, న్యాయమే అనుకుందాం. పెళ్లిళ్లకు కట్టే ఆంప్లిఫయరును, హారన్లను కూడా తీసుకున్నారు. డాబా మీది బట్టలారేసే తీగను ఏరియల్ అని రాసుకున్నారు. దాని మీద ఆరేసిన మంగళగిరి చీర తీసుకుంటానని నా భార్య వెళితే "ఏదీ ముట్టుకోవద్దు" అన్నారు. తీగను చీరతో సహా చుట్టి, గోనెసంచిలో వేసి, లక్క ముద్ర వేశారు. అయ్యా, అది తడి చీర.

5. తరవాత విచారణకు రమ్మంటే గుంటూరు వచ్చాను. తమరు నన్ను లైసెన్సు ఉందా అని అడిగారు. లేదన్నాను. ఎక్కడ ఇస్తారని అడిగాను.

"మీలాంటి వాళ్లకు ఇవ్వరు" అన్నారు తమరు.

"ఎలాంటి వాళ్లకు ఇస్తారండి?"

తమరు ఫ్యాను వైపు చూసి, "ఊళ్లలో వాళ్లకు ఇచ్చే పద్ధతి ఇంకా రాలేదయ్యా" అన్నారు.

"మరి, ఇవ్వని లైసెన్సు తీసుకోలేదని కేసెట్టా పెడతారండి?"

"కేసు పెట్టే పద్ధతి వచ్చింది" అన్నారు.

అటుపైన ఫిర్యాదుదారు పంపిన టేపును సాక్ష్యంగా వేశారు. పిచ్చయ్య గొంతు తమ కార్యాలయంలో ఖంగున మోగింది. మూల బల్ల దగ్గర టైపు చేస్తున్న శ్రీదివ్య గారు చేతులు ఆపేశారు.

"సార్, ఒక్కసారి వెనక్కి తిప్పుతారా?"

"ఎందుకమ్మా?"

"ఆ మందు పేరు సార్. మా నాన్న పత్తికి అదే కొట్టాడు. పురుగు పోలేదని ఇంట్లో అన్నం మానేసి కూర్చున్నాడు. తన చెయ్యి మంచిది కాదనుకుంటున్నాడు సార్."

తమరు పెద్దమనసుతో టేపు వెనక్కి తిప్పించారు. పురుగు మళ్లీ ఈత కొట్టి ఒడ్డెక్కింది. గుమ్మం దగ్గర జవాను నవ్వాడు. త్రినాథ్ గారు నోటికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. శ్రీదివ్య గారు నవ్వలేదు. పేరు అరచేతిలో రాసుకున్నారు. ఆ ప్రకారంగా మా కార్యక్రమం తమ కార్యాలయం నుండి లైసెన్సు లేకుండా పునఃప్రసారం అయింది. దీనిపై తమరు ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారో నాకు తెలియరాలేదు.

6. ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం మార్కు చీమకుర్తి నుంచి ఫోను చేశాడు. వాన అన్నాడు. నా భార్య ఫోను పెట్టేసి, అలవాటు చొప్పున మేడ మీది గదిలోకి పరుగెత్తింది. బల్ల ఖాళీగా ఉంది. ఆమె దాని ముందు అలాగే నిలబడిపోయింది. నేను సైకిలు తీసుకొని అరుచుకుంటూ పోయాను. దగ్గరి కల్లాల వాళ్లు కప్పుకున్నారు. కాలవ దాటేసరికి వాన నన్ను దాటేసింది.

అవతల పున్నమ్మ కల్లం. మొగుడు పోయాక కౌలుకు తీసుకొని ఒంటిచేత్తో పండించిన మనిషి. పట్టా గట్టు మీద మడతపెట్టి ఉంది. ఆమె చేలో పని వదిలి పరుగెత్తుకొచ్చేసరికే కాయలు తడిసిపోయాయి. కొంగుతో, చేతులతో కాయల్ని కుప్పకు లాక్కుంటోంది. ఆమె కాళ్ల మధ్య నుంచి నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. నేను కూడా వంగి లాగాను. లాభం లేకపోయింది.

"రేడియో పెట్టుకొనే ఉన్నా తమ్ముడూ" అంది. "ఆపేశారని తెలుసు. అయినా పెట్టుకొనే ఉన్నా. గరగర తప్ప ఏం రాలా."

అయ్యా, ఈ పేరాను ఏ విధంగా ముగించవలెనో, ఏ పదములు వాడవలెనో నాకు తెలియడం లేదు. ఆ కాయలు బూజు పట్టి, రంగు పోయి, తెల్లతాలు అయ్యాయి. యార్డులో ఎవరూ చేత్తో కూడా ముట్టుకోలేదు. వానకు ముందు గంటైనా టైముంది. ఆ గంట తమ గోడౌనులో లక్క ముద్ర వేసి ఉంది.

కావున ప్రార్థించునది ఏమనగా: నా ఆంప్లిఫయరును, హారన్లను తిరిగి ఇప్పించగలరు. పెళ్లిళ్ల రోజులు వచ్చాయి, నా ఇల్లు వాటి మీదే నడుస్తుంది. చీరను ఇప్పించగలరు, ఏ స్థితిలో ఉన్నా సరే. లైసెన్సు ఇచ్చే పద్ధతి వచ్చిన రోజున మొదటి దరఖాస్తు నాదిగా ఉంచగలరు. మరొక్క మనవి. ఉదయ్ కుమార్ కొట్లో అదే మందు ఇప్పుడు 'మహాంతక' అని కొత్త సీసాలో అమ్ముతున్నారు. తమ జీపును ఒక్కసారి ఆ వైపు పంపగలరు. ఆ దారి సిమెంటు రోడ్డు, దిగబడే భయం లేదు.

మర్యాద తక్కువైన చోట మన్నించి, నిజం ఎక్కువైన చోట నిదానంగా చదువుకొని, చిత్తగించవలెను.

ఇట్లు,
లైసెన్సు లేకున్నా తమ విధేయుడు,
షేక్ మొహిద్దీన్ బాషా

తా.క. అయ్యా, ఇది నసీమున్నీసా రాస్తున్నది. ఆయన కవరు కొనడానికి పోస్టాఫీసుకు వెళ్లాడు. మర్యాదగా రాయాలని నన్ను ఒక్క ముక్క కూడా రాయనివ్వలేదు. మీ 'గలరు'లూ 'వలెను'లూ నాకు రావు.

మీ పంచనామా నకలు నేనూ చదివాను. అందులో "గుర్తు తెలియని స్త్రీ స్వరం" అని రాశారు. మీ జీపు కోసం ట్రాక్టరును పంపిన గొంతు, టీలో పంచదార సరిపోయిందా అని మీ వాళ్లను అడిగిన గొంతు, గుర్తు తెలియలేదా? మా ఊళ్లో చంటిపిల్లలకు తెలుసు. కేసు ఆయన మీద పెట్టారు. ఆయన డబ్బా చేశాడు, అంతే. మాట్లాడింది నేను.

మొన్న మళ్లీ మబ్బు పట్టింది. డాబా ఎక్కి కేకేశాను, "పట్టాలు కప్పుకోండమ్మోయ్!" అని. సెంటర్లో అంకారావు అందుకొని అరిచాడు. డొంకలో పిచ్చయ్య బాబాయ్ అందుకున్నాడు. కాలవ గట్టు మీద కూలోళ్లు అందుకున్నారు. పున్నమ్మక్క మిగిలిన కోత కాయలు ఆరబోసుకొని ఉంది. కాసేపటికి కాలవ అవతలి నుంచి, ఒక్కో గొంతూ మారుతూ, ఆమె మాట నా దగ్గరికి వచ్చింది, "కప్పానే, నసీమూ!" అని. ఇన్నాళ్లూ రేడియోలో ఎంత మాట్లాడినా నాకు అవతలి నుంచి జవాబు వచ్చింది లేదు. ఇదే మొదటిసారి.

దీనికి కూడా నోటీసు పంపేదుంటే పంపండి. ఈసారి నా పేరు మీద పంపండి. షేక్ నసీమున్నీసా, వేపమిట్ట. పోస్టుమాన్ ఎవర్నీ అడగక్కర్లేదు.