లప్పం పెట్టిన బెజ్జాలు

కాశిబుగ్గ,
వరంగల్.

మామయ్యా,

మీ కోడలు భవాని మీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. బల్లార్షలో మీరు, పద్మలత వదిన, పిల్లలు చల్లగా ఉన్నారనుకుంటున్నాను. "ఆరోగ్యంగానే" అని రాసి కాసేపు కలం ఆపాను. ఇవాళ్టి వరకు అది నిజమే. అందుకని కొట్టివేయలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకొని చదవండి. ఫోను చేస్తే మీకు వినపడదు. వదినకు చెప్పి మీకు చెప్పించుకుందామంటే, ఆమె సగం విని గాబరాపడి తమ్ముడికే, అంటే మీ కొడుకుకే, ఫోను కలుపుతుంది. ఆయన ఇంకా మొండికెత్తుతాడు. అందుకే ఉత్తరం. పోస్టులో వేస్తే దసరా దాటి చేరుతుందని భయం. మన వీధి పోశయ్య కాక మిరపకాయల బేరానికి రేపు అటే వస్తున్నాడంటే ఆయన చేతికిస్తున్నాను.

మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను.

మీ కొడుకు దగ్గు తగ్గింది. వెల్డింగు పొగ పడటం లేదని దవాఖానలో చెప్పారు. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మంటే సిగ్గంటాడు. మీ మంచం నులక మళ్లీ బిగించాను. మీ చిన్న సుత్తి అటక మీద భద్రంగా ఉందా అని అడిగారు. అటక మీద లేదు మామయ్యా, నా దగ్గరుంది. ఎందుకో తరువాత రాస్తాను.

ఆ పాత ఆవిరి రైలింజను పని ఎంతవరకు వచ్చిందని అడిగారు. మీరు చూసినప్పుడు అది మూతబడ్డ మిల్లు వెనక సర్కారు తుమ్మల్లో కూరుకుపోయి ఉంది. ఇప్పుడు మీరే గుర్తుపట్టరు. సదానందం సేటు దాన్ని లారీల మీద తెప్పించి, పరకాల రోడ్డు మీద తాను కడుతున్న పార్కులో రేకుల షెడ్డు కింద నిలబెట్టాడు. చక్రాలు తిరుగుతున్నాయి. పాడైన గొట్టాలన్నీ తీసి కొత్తవి వేశారు. కూత వేసే ఇత్తడి బుడ్డిని చింతపండు పెట్టి నేనే తోమాను, ముఖం కనబడుతుంది. పార్కు చుట్టూ గుండ్రంగా పట్టాలు పరిచారు. దసరా నాడు పూజ చేసి, ఇంజనుకు పెట్టెలు కట్టి, ముందుగా పనివాళ్ల పిల్లలనే ఎక్కించి తిప్పుతారట. నడిపేది మీ కొడుకే. ఆ పని ఇక ఎప్పటికీ ఆయనదే అని సేటు మాటిచ్చాడు.

ఆయనకు నీలం కోటు కూడా కుట్టించారు. ఇంటికి తెచ్చుకొని తొడుక్కొని చూసుకున్నాడు. "బాపుకు ఫోన్ పెట్టి కూత ఇనిపిస్త. మనిషి మాట ఇనబడకున్నా ఆ కూతైతే ఇనబడ్తది" అన్నాడు. మీ మీద కోపమున్నవాడి మాట కాదది. మీరు బల్లార్ష వెళ్లేనాడు "నీ చెవులతోటే నీ ముచ్చట గూడ పాతవడ్డది" అని అన్నాడు కదా, ఆ మాట మిమ్మల్ని ఎంత బాధించిందో ఆయన్నీ అంతే తొలుస్తోంది. నాతో చెప్పడు. మీ ఉత్తరం వచ్చిందని తెలిస్తే మాత్రం "ఏమన్న రాసిండా?" అని అటు తిరిగి అడుగుతాడు.

పొయ్యి పెట్టె లోపలి రేకు ఎక్కడైనా ఉబ్బిందా అని అడిగారు. ఉబ్బింది. లోపలికి దూరి తుప్పు గీకింది నేనే. సన్నగా ఉన్నానని నన్ను పంపారు. ఎడమ గోడకు కిందివైపు, బోల్టుల మధ్య, నూనెలో వేసిన పూరీ పొంగబోతున్నట్టుగా ఉంది. అదేమిటో అప్పుడు నాకు తెలియదు. పాత వస్తువు కదా, సొట్టలుంటాయనుకున్నాను. మీ కొడుకుకు చెబితే ఆయన తల లోపలికి పెట్టి తడిమాడు. చెయ్యి తీసి, మళ్లీ అదే చోట పెట్టి తడిమాడు. తరువాత "గట్లనే ఉంటది తియ్" అన్నాడు. ఆ రెండోసారి తడమడమే నా మనసులో ఉండిపోయింది.

బాయిలరు తనిఖీ సారు వచ్చాడా అని కూడా అడిగారు. మొదట్లో ఒకసారి వచ్చాడు. తుప్పంతా గీకాక, మంట వేయకముందు, తనను మళ్లీ పిలవమని చెప్పి పోయాడట. సేటు పిలవలేదు. "ఇదేమన్న పట్నం పోయే రైలా? పిల్లలాడుకునే బండికి ఎన్ని పర్మిషన్లయ్యా!" అంటాడు.

ఇక మీరు అన్నిటికంటే చివర అడిగిన సంగతి, బెజ్జాల సంగతి.

గీకుడు పని, రంగు పని ఆడవాళ్లకిచ్చారు. మాలో పెద్దది మొగిలమ్మ. పొయ్యి పెట్టె బయటి గోడ నిండా, నడుమ నీళ్లుండే రెండు గోడలను కలిపి పట్టే బోల్టుల తలలు వరుసలుగా ఉంటాయి, రైలింజన్ల షెడ్డులో పనిచేసిన మీకు తెలియనిదేముంది. ఒక్కో తల నడుమ సన్న మేకు దూరేంత బెజ్జం. సేటు వచ్చి గోడను నిమిరి, "గీ గుంతలు గింతలు కనబడొద్దు. అద్దం లెక్కుండాలె" అన్నాడు. రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా బిగుసుకునే లప్పం తెచ్చిచ్చారు. ఆ పని అందరికంటే నాకే బాగా కుదిరింది. ఒక్కో బెజ్జంలో పుల్లతో కూరి, వేలితో నునుపు చేసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది నల్లరంగు వేశాను. మొగిలమ్మ చూసి, "ఓ పిల్లా, పెండ్లికూతురు మొఖం చేసినవ్ గదనే! ఇగ పుస్తె కట్టుడే తక్వ" అని నవ్వింది. సేటు కూడా మెచ్చుకున్నాడు. నలుగురిలో నా పని బాగుందని ఒకరనడం అదే మొదలు. ఇల్లు చేరేదాకా తల వంచుకొని నవ్వుకున్నాను.

ఆ తరువాత చిన్న మంట వేసి చూశారు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లును సగం కూడా పోనివ్వలేదు. మీ కొడుకు టార్చి పట్టుకొని చుట్టూ తిరిగి, గోడంతా వెతికి, "ఒక్క సుక్క కారలే సేటూ! సూడున్రి, ఎంత టైటుగున్నదో!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జిలేబీ పంచారు. మంట ఆర్పి వెళ్లిపోతుంటే ఇంజను లోపల్నుంచి చాటలో గింజలు రాలినట్టు టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. చాలాసేపు వచ్చింది.

"సల్లవడుతాంది" అన్నాడాయన.

చప్పుడు ఎడమవైపు నుంచే వస్తోంది. కుడివైపు కూడా చల్లబడుతూనే ఉంది కదా అని నాకు తోచింది. అడగలేదు. నా సంగతి మీకు తెలుసు.

ఆ తరువాతే మీ ఉత్తరం అందింది. "బోల్టు లోపల విరిగితే బయటికి తెలవది. ఆ బెజ్జం నుంచి నీళ్లు కారితేనే తెలుస్తది. ఆ బెజ్జాలే ఇంజను నోళ్లు. అవి తెరిచి ఉన్నయో లేవో వాన్ని చూడుమను. పక్కపక్క బోల్టులు విరిగితే గోడ ఆగదు, మంట ముందర నిలవడ్డోడు మిగలడు" అని రాశారు. ఆ ముక్క చదివి నా వేళ్లు చూసుకున్నాను. గోళ్ల సందుల్లో నల్లరంగు ఇంకా పోనేలేదు.

అన్నం పెట్టి, ఉత్తరం ఆయన కంచం పక్కన పెట్టాను. చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"బాపు కాలం ఇంజన్లు వేరు" అన్నాడు.

"బెజ్జాలన్ని నేనే మూసిన" అన్నాను.

"ఒక్క సుక్క కారలే గదనే."

"మూస్తే ఎట్ల కారుతది?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. "దసర ముంగట గీ ముచ్చట తియ్యకు భవానీ. సేటు పేపరోళ్లను పిలిచిండు. నేను నడుపుత అని అందరి ముంగట చెప్పిన" అని లేచి చేయి కడుక్కున్నాడు. అన్నం అట్లాగే ఉంది. ఆయనకు తెలియక కాదు మామయ్యా. తెలిసి, తెలియనట్టు ఉండటానికి నానా కష్టాలు పడుతున్నాడు.

అప్పుడే మీ సుత్తి అటక మీదినుంచి దించాను. మర్నాడు మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పుకొని కూర్చున్నప్పుడు, లోపల ఉబ్బిన చోటు ఎక్కడో గుర్తుపెట్టుకొని, దానికి సరిగ్గా బయట మేకు ఆనించి లప్పం పొడిచాను. మంట వేసిననాటి నీళ్లు ఇంకా బాయిలరులోనే ఉన్నాయి. మొదటి బెజ్జం పొడిగా ఉంది. ప్రాణం లేచివచ్చింది. దాని పక్కది పొడిస్తే తుప్పు రంగు నీళ్లు నా మణికట్టు మీదుగా మోచేతికి కారాయి. దాని పక్కదీ కారింది. దాని కిందిదీ. వేళ్లు చాలక కొంగు అడ్డం పెట్టాను.

మొగిలమ్మ చూసి "ఓయమ్మో!" అంది. ఆ అరుపుకు సేటు, మీ కొడుకు వచ్చారు.

"ఏందమ్మా, పండుగ ముంగట ఇంజన్‌కు పుండ్లు చేస్తానవా?" అన్నాడు సేటు.

"బోల్టులు ఇరిగినయి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏమంటాంది సుదర్శన్?"

మీ కొడుకు నా కొంగుకు అంటిన తుప్పు మరక చూశాడు. కారుతున్న బెజ్జాలను చూశాడు. "తెల్వక చేసింది సేటూ" అన్నాడు.

"మరి ఆమెతోనే పూడిపియ్యి. ఆమె చెయ్యి సాఫ్‌గుంటది" అని సేటు నవ్వుతూ వెళ్లిపోయాడు. బాయిలరులోని నీళ్లు బయటికి వదిలేశారు. గోడ ఆరాక లప్పం డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

ఇంతదాకా రాయలేక ఆపుకొన్న మాట ఇది. పూడ్చాను మామయ్యా, కాని లప్పంతో కాదు. కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తులు కరిగించి, దీపపు మసి కలిపి ముద్దలు చేసి, టిఫిను డబ్బాలో పెట్టుకొని పోయాను. పాతరంగు, కొత్తరంగు కలవడం లేదని చెప్పి, ఎడమ గోడ మీద లప్పమంతా పొడిచి తీసి, ప్రతి బెజ్జంలో ఆ మైనం కూరాను. పైన పలుచగా రంగు తుడిచాను. చూస్తే తేడా తెలియదు. మొగిలమ్మకు మాత్రం వాసన తెలిసింది. "నేనేం సూడలే బిడ్డా" అని అటు తిరిగి కూర్చొని, నాకు అడ్డంగా తడి కొంగు ఆరబెట్టుకుంది. కుడి గోడకు సందు దొరకలేదు. అక్కడ లప్పం అట్లాగే ఉంది. దాని వెనక ఏముందో నాకు తెలియదు.

మీ కొడుకుకు కూడా ఈ సంగతి చెప్పలేదు. చెబితే మళ్లీ లప్పం పెట్టాల్సింది ఆయనే. ఆ పని ఆయన చేత్తో చేయించలేను.

దసరా నాడు మంట వేస్తారు. నీళ్లు మరగకముందే, గోడ వేడెక్కగానే మైనం కరుగుతుంది. నోళ్లు తెరుచుకుంటాయి. అప్పటికి ముల్లు ఇంకా కిందనే ఉంటుంది. అప్పుడే పొయ్యిలో నిప్పు లాగేస్తే ఎవరికీ ఏమీ కాదు. నేను చెప్పలేని మాట అందరి ముందు అదే చెబుతుందనుకున్నాను. నా ఆలోచన అంతవరకే పోయింది.

ఆ తరువాతిది ఇప్పుడు తోస్తోంది. నీళ్లు కారుతుంటే సేటు "గంత దానికేంది, గుడ్డతోటి తుడువున్రి" అంటే? బ్యాండు మోగుతుంటే, పిల్లలు పెట్టెల్లో ఎక్కి కూర్చొని ఉంటే, మీ కొడుకు ఆ నీలం కోటు తొడుక్కొని అందరి ముందు నిలబడి ఉంటే, దిగమని ఆయనతో ఎవరు చెబుతారు? మీరు రావాలి మామయ్యా. చెవులు పోయినా రేకు మీద అరచెయ్యి ఆనిస్తే మీకు తెలుస్తుందని ఆయనే నాకు ఒకసారి గొప్పగా చెప్పాడు. మీరు చెయ్యి ఆనించి వద్దంటే దిగుతాడు. దిగడానికి ఆయనకు ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను కాలేకపోయాను.

మీ కాలి వాపు తగ్గలేదని, మెట్లు దిగడమే కష్టంగా ఉందని వదిన అన్నది. రైలెక్కలేకపోతే ఒక్క పని చేయండి. మీ షెడ్డులో నిప్పు లాగేసి పారిపొమ్మని ఏ మాట అరిచేవాళ్లో, ఆ మాట కాగితం మీద రాసి పోశయ్య కాక చేతికివ్వండి. పండుగ ముందునాటికి ఆయన తిరిగొస్తాడు. చిన్నప్పటినుంచి మీ నోట విన్న మాట అయితే, అది చెవిన పడగానే మీ కొడుకు కాళ్లు వాటంతట అవే కదులుతాయి. నేను నేర్చుకుంటాను. కాని నేనెప్పుడూ గట్టిగా అరిచినదాన్ని కాను, బ్యాండు చప్పుడులో నా గొంతు దూరం పోదు. అందుకని ఆయనకు వినపడేంత దగ్గరలో, ఎడమ గోడ పక్కనే నిలబడతాను.

ఇట్లు,
మీ సుత్తి దగ్గరుంచుకున్న
మీ కోడలు
భవాని