తాలీం గడప

నాందేడ్, మంగళవారం

బాపూ, నీ కాళ్ళకు మొక్కుతున్న. ఫోన్ల నీకు ఇనవడదు, అవ్వకు చెప్తే సగమే నీ దాంక అస్తది. గందుకే కార్డు రాస్తున్న.

నడుము నొప్పికి డాక్టర్ కసరత్ చెయ్యమన్నడు. పెద్ద రోగమేం గాదు, పరేశాన్ కాకు. చేరే ముందు ఒకసారి చూద్దామని నిన్న స్టేషన్ దిక్కున్న పెద్ద హెల్త్ క్లబ్‌కు పోయిన. మూడంతస్తులు, అంతట అద్దాలే. తలుపు కాడ చెప్పులిడిసి, వంగి గడపకు మొక్కి, బయటనే నిలవడ్డ. కసరత్ నేర్పే పిల్ల నవ్వి, "ఆత యా తాయీ" అని లోపలికి పిలిచింది. ఇక్కడ బూట్లేసుకుంటేనే లోపలికి రానిస్తరట! లోపల ఆడోళ్ళే బరువులు లేపుతున్నరు. నా కాళ్ళు మాత్రం కదలలే. నువ్వు కుస్తీ నేర్పే తాలీంల ఆడపిల్ల అడుగు వెట్టొద్దని గడప కాన్నే ఆపుతుంటివి గదా, కాళ్ళకు ఇంక గదే యాదికున్నది.

ఇంతకుముందు కసరత్ అనుభవం ఉందా అని, ఆ పిల్ల తలుపు కాడికే తెచ్చిచ్చిన ఫారంల అడిగిండ్రు. "పదేండ్లు బయట నిలవడి చూసిన" అని రాసిన. సంతకం ఇంక వెట్టలే.

అవ్వ మోకాళ్ళకు నూనె రాస్తున్నదా? తమ్ముడు నిలేశ్ సోయాబీన్ అమ్మిండా? వాని పిల్లలు మంచిగ సదువుకోవాలె, నా దీవెనలు చెప్పు. నా పాత బూట్లు సందుగ పెట్టెల ఉంటయ్, ఎతికి పెట్టు.

తాలీం తలుపు నేనే తీస్త, తాళంచెయ్యి ఎవ్వరికీ ఇయ్యకు. ఆదివారం అస్తున్న. ముందుగాల నీ గడప దాటినంకనే ఇక్కడ సంతకం వెడ్త.

నీ బిడ్డ,
ప్రాచి