బయట వేలాడిన తీగ

జురాంగ్ ఈస్ట్,
ఆదివారం.

ఏమండీ,

మీరు అన్యాయం చేశారు. పెర్త్‌లో కూర్చుని, ఫోన్లో ఒక్క బొమ్మ చూసి, మన ఇంట్లో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న సూర్యకుమారిని ఇండియా పంపేయమని పనివాళ్ళ ఏజెన్సీకి చెప్పేశారు. ఈ మాట ముందు రాయకపోతే కుశలాలు రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఇక కుశలాలు. నేనూ, మీ కూతురు నిఖిలా, సూర్యకుమారీ బాగున్నాం. మీ తొట్టెలో చేపలూ బాగున్నాయి. మీరు వేళకు తింటున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే రెండో మాటకే పెట్టేస్తున్నారు గనక ఈ ఉత్తరం. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేరు కదా.

ఆ రోజు తొట్టెలో నీళ్ళ వేడి ఎంతకు దిగిందని అడిగారు. ఇరవై ఐదు డిగ్రీలు ఉండాల్సినవి పద్దెనిమిదికి. నీళ్ళలో మునిగి ఉండాల్సిన సెన్సార్ తీగ బయట గాలిలో వేలాడింది. గదిలో ముప్పై. అదే నీళ్ళ వేడి అనుకుని చిల్లర్ రోజంతా చల్లబరుస్తూనే పోయింది.

కనిపెట్టింది సూర్యకుమారి. చేపలకు మేత వేయబోయి చెయ్యి పెట్టింది. "అమ్మగారూ, ఐసు నీళ్ళండి ఇవి! చేపలన్నీ ఓ మూల నక్కేశాయండి!" అని కేక వేసి, తీగ మళ్ళీ నీళ్ళలో వేసి, చిల్లర్ ఆపింది. తీగ పద్దెనిమిది చూపగానే మీ ఫోన్లో హెచ్చరిక మోగి, మీరు కెమెరా తెరిచింది సరిగ్గా అప్పుడే. ఆ కెమెరా గడిచింది దాచుకోదు, ఎదురుగా ఉన్నదే చూపిస్తుంది. నీళ్ళలో ఆమె చెయ్యి కనిపించింది, మీ తీర్పు అయిపోయింది.

తొట్టెలో మీరు పెంచే ప్రాణమున్న పగడాల గురించి "పగడాలు పోయినట్టే, తీసి పారేయండి" అని రాశారు. పోలేదు.

మాట చివర ఈ ఊరి 'లా' తగిలించే నిఖిల కెటిల్‌లో వేడినీళ్ళు తెచ్చింది. "అమ్మా, జస్ట్ పోసెయ్ లా! ఫాస్ట్‌గా వార్మ్ అవుతుంది."

సూర్యకుమారి అడ్డం నిలబడింది. "చలికి బిగుసుకుపోయినోళ్ళ మీద మరిగే నీళ్ళు పోత్తారేంటండీ పాపగారూ? చిన్నగా రానివ్వాలండి. మా కోనసీమలో రొయ్యల చెరువులకాడ ఆరేళ్ళు చేశానండి, ఆయ్."

చిల్లర్ ఆపి గది వేడికి వదలడం, నీళ్ళు తొందరపడి వేడెక్కితే దాన్ని మళ్ళీ కాసేపు వేయడం. ఇరవై ఐదుకు చేరడానికి రెండు రోజులు పట్టింది. లైట్లు తగ్గించాం. పగడాలను ఎవరూ కదపలేదు.

మీకు ప్రాణమైన ఆ పుట్టగొడుగు ఆకారపు తోలు పగడం చేతివేళ్ళలాంటి మొనలన్నీ లోపలికి లాక్కుని, బూడిదరంగుకు తిరిగి, మైనం పూసినట్టు అయింది. చచ్చిందనే అనుకున్నాను. సూర్యకుమారి తొట్టె మీదికి వంగి వాసన చూసింది. "కుళ్ళు కంపు లేదండి. బతికే ఉంది" అని, నీటి పంపు మూతి కొంచెం దానివైపు తిప్పింది. ఏడో రోజు ఆ మైనం పొర కుబుసంలా ఊడి కొట్టుకుపోయింది. నిన్న, తొమ్మిదో రోజు, వేళ్ళు బయటికి వచ్చాయి. గుప్పిటలా మూసుకుని తెరుచుకునే పగడం మాత్రం సగం కరిగిపోయింది. కుళ్ళిన ముక్క తీసేసి, కొద్దికొద్దిగా నీళ్ళు మార్చాం. మిగిలిన సగం ఇప్పుడు మళ్ళీ ఆడుతోంది.

మీ చివరి ప్రశ్న, "తీగ ఎవరు ముట్టుకున్నారు?" దాన్ని ఇంతసేపూ దాటేశాను.

నేను.

ఆ పొద్దున ఆన్‌లైన్ సభలో మాట్లాడాలి. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద. నా వెనక మీ తొట్టె అందంగా కనపడాలని అద్దం అంచున పేరుకున్న ఉప్పు తుడిచాను. తీగ అడ్డమొచ్చింది, తీసి బయటికి వేశాను. తిరిగి పెట్టడం మరిచాను. నలభై నిమిషాలు ప్రసంగించాను, చప్పట్లు కొట్టారు. మీరు సూర్యకుమారి పేరెత్తగానే చెప్పాల్సింది. చెప్పలేదు. తొమ్మిది రోజులు.

నిన్న ఆమె సంచిలో బట్టలు సర్దుకుంటుంటే చెప్పాను.

"నాకు మొదట్నుంచీ తెల్సండి. తీగ పక్కనే మీ కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ ఉందండి."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పనండీ? అయ్యగారు కెమెరాలో నన్నే చూశారు. మీరేమో ఎదురుగా ఉండి నోరు మూసుకున్నారు."

ఈ మాటకు మీ దగ్గర జవాబు ఉంటే రాయండి. మెత్తటి పగడం కోలుకోవడానికి తొమ్మిది రోజులు ఆగాం. ఆమె నోరు తెరిచి ఒక ముక్క చెప్పుకునేదాకా మీరు ఆగలేదు, నేనూ ఆగమనలేదు. ఆమె ఇక్కడ పనిచేసే పర్మిట్ మీ పేరు మీద ఉంది, నా సంతకం చెల్లదు. కానీ శుక్రవారం ఆమెను తీసుకెళ్ళడానికి ఏజెన్సీ మనిషి వస్తే తలుపు దగ్గర నిలబడేది నేనే. ఆమె సంచి ఖాళీ చేసి బట్టలు మళ్ళీ అలమారలో పెట్టించాను.

మీరు చేయాల్సినవి:

రేపే ఏజెన్సీకి ఫోన్ చేసి, పంపమన్న మాట వెనక్కి తీసుకోండి.

సూర్యకుమారితో మీరే మాట్లాడి, తప్పయిందని చెప్పండి. నా తప్పు నేను చెప్పుకున్నాను, మీది నేను మోయను.

హాల్లో కెమెరా పీకేశాను. మళ్ళీ పెట్టమని అడగొద్దు. తొట్టెకు థర్మామీటర్ చాలు.

ఆదివారం ఆమె సెలవు. ఆ రోజు చేపల మేత మన ఇంటివాళ్ళ పని, మీరొచ్చాక మీ పని.

ఇవి కుదరవంటే, ఆమెకు తీసే టికెట్ పక్క సీటు నాకు తీయండి.

ఇట్లు,
ఇక నోరు మూసుకోని మీ ఇల్లాలు,
వసుంధర