మెడలో బిళ్ళ

మార్చి 3
రాత వంకరటింకర. అక్షరాలు తప్పితే ఏమనుకోకు, కాగితమా. ఐదో తరగతి చదువు, పైగా ఇంగ్లండులో ఈ లీడ్స్ ఊరి చలికి వేళ్ళు వంగవు. అమ్మాయి సుగుణ ఆసుపత్రిలో నర్సు — వస్తుంది, తింటుంది, పడుకుంటుంది. మాట్లాడే మనిషి లేడు. అందుకే నీతో.

మార్చి 5
సుగుణ నా మెడలో గొలుసు వేసింది. బిళ్ళ మీద నా పేరు, తన ఫోన్ నంబరు. పోయినవారం వీధి తప్పాను మరి... అన్నీ ఒకటే ఎర్ర ఇటుక ఇళ్ళు. ఎవరి తలుపులోనో మా తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాను. పోలీసులు వచ్చారు.
"ఇది లేకుండా గడప దాటకు నాన్నా."
సరే అన్నాను.

మార్చి 6
వాన. ఎవరితోనూ మాట లేదు.

మార్చి 9
సుగుణకు సెలవు. మ్యూజియానికి తీసుకెళ్ళింది. రోము కాలం గది. అద్దం వెనక ఇనప పట్టీ, దానికో బిళ్ళ. పక్కనున్న రాత చదివి నాకు తెలుగులో చెబుతోంది.
"బానిసల మెడకి వేసేవాళ్ళంట నాన్నా. కొందరికైతే నుదుటి మీదే వాతలంట. బిళ్ళ మీదేమో... పారిపోయాను, పట్టుకోండి, ఫలానా వాళ్ళింట్లో అప్ప..."
చదవడం ఆపి నా మెడ వైపు చూసింది.
అద్దంలో నా గొలుసు కనబడుతోంది, ఆ పట్టీ పక్కనే.
బస్‌స్టాపులో ఎటో చూస్తూ — "చలిగా ఉంది. అది స్వెట్టర్ లోపలికి వేసుకో."

మార్చి 10
ఊళ్ళో మా గేదె కంచె దూకేది. మెడలో గుదికర్ర కట్టాను. నడిస్తే ముందుకాళ్ళకు తగిలేది. కట్టిందీ నేనే, దానికి జబ్బు చేస్తే పక్కన కూర్చున్నదీ నేనే. కోపంతో కట్టలేదు.
సుగుణ కూడా అంతే. తెలుసు.

మార్చి 12
గొలుసు తీసేశాను. మెడ తేలిక. తలుపు తీశాను... మళ్ళీ మూసేశాను. బిళ్ళ ఉన్నప్పుడు వీధి మూలనున్న షాపు దాకా పోయేవాణ్ణి.

మార్చి 13
సాయంత్రం చూసేసింది.
"తీసేశావా?"
"దురద."
"నాకు డ్యూటీలో భయం నాన్నా. చెయ్యి పని మీద ఉంటది, బుర్ర నీ మీద ఉంటది."
ఆసుపత్రి కార్డు ఇంకా తన మెడలోనే ఉంది. "నీకూ ఉందిగా" అన్నాను.
"నాది ఇంటికొస్తే తీసేస్తాగా." అని, కార్డు చప్పున తీసి సంచిలో వేసుకుంది. కాసేపటికి — "వేసుకోనంటే బయట తాళం పెట్టి పోవాలి. ఇంకేం చెయ్యను? పొద్దున చెప్పు."
కప్పులు కడిగి పడుకుంది. బిళ్ళ బల్ల మీదే ఉంది.
పొద్దున లేవగానే అడుగుతుంది, కాగితమా. ఏమని చెప్పమంటావు... అమ్మాయి లేచేలోపు జవాబియ్యి.